నిలబడ్డ నేలే దిగుతుంటే: రాజోలు దీవి ఉప్పు బోర్లు, పర్మాఫ్రాస్ట్ నెట్‌వర్క్ నుంచి తెచ్చుకున్న పద్ధతులు

కోనసీమలో బోరు నీళ్ళ ఉప్పదనం మీద కొలతలకు కరువు లేదు. ఒక కొలతను ఇంకో కొలతతో పోల్చుకోవడానికే వీలుండదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు కొలుస్తారు, రిపోర్టు ఇచ్చి వెళ్ళిపోతారు. తర్వాత వచ్చినవాళ్ళవి వేరే బోర్లు, వేరే నెల, వేరే మీటరు. ఒకరు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు) రాస్తే ఇంకొకరు ఈసీ (నీటి విద్యుత్ వాహకత, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) రాస్తారు. ఆ ఈసీని ఏ ఉష్ణోగ్రతకు సరిచేశారో ఎక్కడా ఉండదు. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటే పెరిగింది ఉప్పో, మారింది కొలిచిన చెయ్యో చెప్పలేం.

నేను భూగర్భజలాల ఫీల్డు పని చేసేవాడిని. వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య రాజోలు దీవిలో, పైనున్న కాలువ ప్రాంతం నుంచి సముద్రం దాకా ఒక వరుసలో పరిశీలన బోర్లు పెట్టి, వాటిని మనుషులు మారినా పద్ధతి మారకుండా ఏళ్ళ తరబడి కొలవాలన్నది మా ప్రయత్నం. ఒక కాలేజీ జియాలజీ విభాగం, నీటి సంఘంలో పనిచేసిన కొందరు రైతులు, కాలువ లాకులు చూసుకుని రిటైరైన ఒక లస్కరు, నేను. డబ్బు తక్కువ. పరికరాల క్యాటలాగులు తిరగెయ్యడం పక్కన పెట్టి, ఇలాంటి కొలతల్ని ఎక్కువ కాలం నిలబెట్టినవాళ్ళు ఎవరున్నారా అని ముందు వెతికాం.

దారి చూపించింది మా పక్క ఊరి అమ్మాయే. నార్వేలో గడ్డకట్టిన నేల మీద పరిశోధన చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మా గోడంతా విని, "బాబాయ్ గారూ, ఈ తిప్పలన్నీ మావాళ్ళు ముప్ఫై ఏళ్ళ కిందటే పడ్డారండీ. మీది ఉప్పు, మాది మంచు, అంతే తేడా" అంది. వెళ్ళాక వాళ్ళు వాడే కొలత పద్ధతుల పుస్తకాలు పంపింది. చదివిన కొద్దీ ఆ మాట నిజమేననిపించింది.

పర్మాఫ్రాస్ట్ అంటే వరుసగా కనీసం రెండేళ్ళపాటు 0 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువలో ఉండే నేల. సైబీరియా, అలస్కా, కెనడా, టిబెట్ పీఠభూమి, ఆల్ప్స్, మన లద్దాఖ్ ఎత్తుల్లోనూ ఉంది. దాని మీద ఒక పొర వేసవిలో కరిగి, చలికాలంలో మళ్ళీ గడ్డకడుతుంది. దాన్ని యాక్టివ్ లేయర్ అంటారు. పర్మాఫ్రాస్ట్ ప్రాంతాల నేలల్లో సుమారు 1,500 గిగా టన్నుల సేంద్రియ కార్బన్ ఉందని అంచనా. గాలిలో ఉన్న కార్బన్‌కు అది దాదాపు రెట్టింపు. గోదావరి మంచు నది కాదు. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి వానల మీద నడిచే నది. కాబట్టి అక్కడి మంచు కరిగితే మన నదిలో నీళ్ళు పెరగవు, తగ్గవు. ఆ కార్బన్ గాలిలో చేరి భూమి ఇంకా వేడెక్కితే లేచే సముద్రం మాత్రం అంతర్వేదికీ ఓడలరేవుకీ వస్తుంది.

ఈ నేలను కొలవడంలో దేశాలు కలిసి పనిచెయ్యడానికి పెద్ద చరిత్రే ఉంది. మొదటి అంతర్జాతీయ పర్మాఫ్రాస్ట్ సదస్సు 1963లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో జరిగింది. 1973లో రెండోది సోవియట్ యూనియన్‌లోని యాకూత్స్క్‌లో. 1983లో అలస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో కెనడా, చైనా, సోవియట్ యూనియన్, అమెరికా కలిసి అంతర్జాతీయ పర్మాఫ్రాస్ట్ సంఘాన్ని పెట్టాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో, అమెరికా గడ్డ మీద, ఆ సంఘానికి మొదటి అధ్యక్షుడిగా ఎన్నికైంది సోవియట్ శాస్త్రవేత్త పావెల్ మెల్నికోవ్. 1991లో యాక్టివ్ లేయర్ మందాన్ని కొలిచే కామ్ (CALM) కార్యక్రమం మొదలైంది. 1999లో బోర్ల ఉష్ణోగ్రతలనూ, కామ్‌నూ కలిపి జీటీఎన్-పీ (GTN-P) అనే ప్రపంచ నెట్‌వర్క్ ఏర్పడింది. 2007–09 అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో బోర్ల సంఖ్య బాగా పెరిగింది.

ఆ ఊపులో పోగైన రికార్డుతోనే 2019లో ఒక లెక్క వచ్చింది: 2007 నుంచి 2016 మధ్య ప్రపంచవ్యాప్తంగా పర్మాఫ్రాస్ట్ ఉష్ణోగ్రత సగటున 0.29 డిగ్రీలు పెరిగింది. వినడానికి చిన్న అంకె. దాన్ని నమ్మకంగా చెప్పాలంటే మాత్రం ఎన్నో దేశాల బోర్లలో ఒకే లోతు పద్ధతి, సరిచూసిన మీటర్లు, ఏళ్ళపాటు తెగని రికార్డు ఉండాలి. అదే లెక్కలో ఎడతెగకుండా గడ్డకట్టి ఉన్న ప్రాంతాల్లో పెరుగుదల 0.39 డిగ్రీలు, అక్కడక్కడా మాత్రమే గడ్డకట్టి ఉన్న వెచ్చని ప్రాంతాల్లో 0.20. పైకి చూస్తే రెండోచోట ప్రమాదం తక్కువనిపిస్తుంది. కాదు. గ్లాసులో ఐసు ముక్క ఉన్నంతసేపు నీళ్ళు వేడెక్కనట్టే, 0 డిగ్రీల దగ్గరికి వచ్చిన నేలలో వేడంతా మంచు కరగడానికే ఖర్చవుతుంది, థర్మామీటరు పెద్దగా కదలదు. మా బోర్లలోనూ ఇలాంటిదే ఉంది. కింద ఉప్పునీరు పైకి జరుగుతున్నా, అది బోరు ఫిల్టరు పైపు దాకా చేరేవరకు మోటారు నీళ్ళలో ఈసీ మామూలుగానే ఉంటుంది. చేరాక ఒక్క ఎండాకాలంలో పాడైపోతుంది. "పోయినేడు దాకా కొబ్బరి నీళ్ళలా ఉండేవండీ" అని రైతు చెప్పేది అబద్ధం కాదు. అందుకే మోటారు నీళ్ళు పట్టుకోవడం మానేసి, వాళ్ళు బోరులో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రత తీసినట్టు, మేము పరిశీలన పైపులోకి ప్రోబు దించి అర మీటరుకోసారి ఈసీ రాస్తున్నాం. నెట్‌వర్క్ నుంచి మొదట తెచ్చుకున్నది ఇదే.

ఏ రోజు కొలవాలి

కామ్ పద్ధతిలో యాక్టివ్ లేయర్‌ను వేసవి చివర, కరుగుదల ఎక్కువ లోతుకు చేరినప్పుడు కొలుస్తారు. సన్నని ఇనుప కడ్డీని నేలలోకి దించుతారు. గట్టి మంచు తగిలి ఆగినచోట లోతు రాసుకుంటారు. ఇంత చవక పనిముట్టు కాబట్టే అది ఇన్నేళ్ళు, ఇన్ని దేశాల్లో నిలిచింది.

మా ఏడాదిలో ఆ "చివర" ఎప్పుడు? ప్రాజెక్టు రిపోర్టుల్లో వర్షాకాలానికి ముందు, తర్వాత అని రెండు కొలతలుంటాయి. ఊరి నుంచి ఊరికి, ఏడాది నుంచి ఏడాదికి ఆ "ముందు" మార్చి నుంచి జూన్ దాకా ఎక్కడైనా పడుతుంది. డెల్టాలో మంచినీటి పొరను నిలబెట్టేది వానతో సమానంగా కాలువ ఊట కూడా. దాళ్వా (రబీ వరి) అయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్ మొదట్లో సార్వాకు (ఖరీఫ్ వరికి) వదులుతారు. ఆ మధ్యలో ఊట ఆగుతుంది, మోటార్లు ఆగవు. మంచినీటి పొర అన్నిటికంటే పల్చబడేది కాలువ వదలబోయే ముందు రోజుల్లో. ఈ సంగతి చెప్పింది మా లస్కరు. "లాకు తలుపులు ఎత్తే ముందు వారం చూడండి సార్, అప్పుడు తెలుస్తాదండి బోరు సత్తా" అన్నాడు. అదే మా కొలత వారం అయింది.

ఇంకో చిక్కు ఉంది. తీరానికి దగ్గరి బోర్లలో నీటి మట్టం పోటుపాట్లతో ఊగుతుంది. అమావాస్య, పౌర్ణమి పోటులో కొలిచిన అంకెను మామూలు రోజు అంకెతో పోల్చకూడదు. అందుకని మే నెలాఖరులో వచ్చే అష్టమికి అటూ ఇటూ రోజులు ఎంచుకున్నాం. ఏడాదికోసారి పంచాంగం చూసి తేదీలు వెయ్యడం కాలేజీ పిల్లలకు తమాషాగా ఉంటుంది.

మీటర్ల విషయం త్వరగా చెప్పేస్తాను. అక్కడ ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ తీగను ఐసు, నీళ్ళు కలిపిన పాత్రలో ముంచి 0 చూపిస్తుందో లేదో చూస్తారు. మేము బయల్దేరే ముందూ, తిరిగొచ్చాకా ఈసీ మీటరును 1413 మైక్రోసీమెన్స్ ఈసీ ఉన్న ప్రామాణిక ద్రావణంలో ముంచి రెండు అంకెలూ రిజిస్టర్‌లో రాస్తాం. 25 డిగ్రీలకు సరిచేసిన ఈసీ పక్కనే సరిచెయ్యని ఈసీ, నీటి ఉష్ణోగ్రత కూడా ఉంటాయి. రేపు ఎవరైనా లెక్క మళ్ళీ కట్టుకోవచ్చు.

వాళ్ళ దగ్గరున్నా తెచ్చుకోనిది గ్రిడ్. కామ్‌లో సాధారణంగా 100 మీటర్ల చదరంలో 10 మీటర్లకోసారి, లేదా కిలోమీటరు చదరంలో 100 మీటర్లకోసారి, 121 చోట్ల కడ్డీ దించి సగటు తీస్తారు. నాచు మందం మారితే రెండడుగుల దూరంలో లోతు మారిపోతుంది కాబట్టి అక్కడ అది కావాలి. మాకు 121 గొట్టాలు దించే స్తోమత లేదు. పైగా మా నేలలో తేడా తెచ్చేవి పక్కనే ఉన్న రొయ్యల చెరువు, వరి చేను, మురుగు కాలువ. వాటి సగటు ఎవరికీ పనికిరాదు. దానికి బదులు ప్రతి పరిశీలన బోరు చుట్టూ ఉన్న చేతి పంపుల్నీ ఇంటి బోర్లనీ అదే రోజు చూసి, పక్కన ఏముందో రాసుకుంటున్నాం.

ఎక్కడి నుంచి కొలవాలి

ఈ కేసులో అసలు సంగతి ఇది. అలస్కా ఉత్తర తీరంలోని కొన్ని చోట్ల కడ్డీ కొలతల్లో యాక్టివ్ లేయర్ మందం ఏళ్ళు గడిచినా పెద్దగా మారినట్టు కనిపించలేదు. గాలి మాత్రం వేడెక్కుతోంది. నేల ఉపరితలం ఎత్తును జీపీఎస్‌తో విడిగా కొలిచాక గుట్టు బయటపడింది. పర్మాఫ్రాస్ట్ పైభాగంలో మంచు ఎక్కువ. అది కరిగేకొద్దీ పైనున్న నేల కుంగింది. మనిషి నిలబడి కడ్డీ దించుతున్న నేలే కిందికి దిగింది కాబట్టి కడ్డీ లోతు అంతే ఉంది. మందం ఒక్కటే చూసినంతకాలం కరిగిపోయిన మంచు లెక్కలోకి రాలేదు.

మా దగ్గర పైపు మూతి నుంచి టేపు దించి "నీటి మట్టం ఇంత లోతు, ఉప్పు మొదలు ఇంత లోతు" అని రాస్తాం. ఆ మూతి కదలదని ఎవరు చెప్పారు? కదిలించేవి రెండున్నాయి. ఒకటి మనుషులు. రోడ్డు పక్కన ఉన్న ఒక బోరు దగ్గర రోడ్డు ఎత్తు పెంచినప్పుడు, పైపు మట్టిలో కూరుకుపోతుందని పని చేసేవాళ్ళు మంచి బుద్ధితోనే పైన ఇంకో ముక్క అతికించారు. మరుసటి కొలతలో ఉప్పు ఒక్కసారిగా లోతుకు పోయినట్టు వచ్చింది. చూసినవాళ్ళు సంతోషించారు కూడా. అప్పటికే ప్రతి పైపు మూతి ఎత్తును దగ్గర్లోని లాకు కట్టడంలో కొట్టిన మేకుతో లెవెల్ చేసి, ఫొటోతో సహా రాసిపెట్టి ఉన్నాం కనుక తేడా అదే రోజు దొరికింది.

ఎందుకింత పట్టింపు అంటే, మంచినీరు ఉప్పునీటి మీద తేలే లెక్క అలాంటిది. సముద్ర మట్టానికి మంచినీటి మట్టం ఎంత పైన ఉంటే, సిద్ధాంతం ప్రకారం దానికి సుమారు 40 రెట్లు లోతు దాకా మంచినీరు ఉంటుంది. బంకమట్టి పొరలున్న మా నేలలో లెక్క అంత శుభ్రంగా నడవదు. అయినా 10 సెంటీమీటర్ల తప్పు కాగితం మీద 4 మీటర్లవుతుంది.

రెండోది డెల్టా తనే దిగడం. ఒండ్రు తన బరువుకు తనే అణుగుతుంది. ఇదివరకు ఏటా వరద తెచ్చిన కొత్త ఒండ్రు ఆ లోటు పూడ్చేది. పైన ఆనకట్టలు, జలాశయాలు కట్టాక ఆ రాక తగ్గింది. ప్రపంచ డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం, పేరుకునే ఒండ్రు సముద్రపు పెరుగుదలకు దీటుగా లేని డెల్టాల్లో గోదావరిని చేర్చింది. నేల నుంచి నీళ్ళూ గ్యాసూ తోడటం వల్ల ఎంత దిగుతోందన్నది మా ఊళ్ళలో టీ కొట్టు దగ్గర రోజూ తేలని వాదన. మా దగ్గర దానికి జవాబు లేదు, ఈ కొలత దానికోసం మొదలుపెట్టిందీ కాదు. కానీ నేల దిగితే లాకు కట్టడమూ దానితోపాటే దిగుతుంది. దాని మేకు కూడా.

కదలని చోటు కోసం ధవళేశ్వరం వెళ్ళాం. కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు రాయి తీసిన కొండ అక్కడుంది. డెల్టా మట్టి కాదు, రాయి. ఆ రాతి మీద ఒక గుర్తు, కిందికి రాజోలు దాకా లాకుల మీద గుర్తులు, రెండు చివర్లా ఒకేసారి గంటల తరబడి జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరం) పెట్టి ఎత్తు తేడా తీయడం పద్ధతి. నిలువులో దీని కచ్చితత్వం సెంటీమీటరు స్థాయి. దిగుదల ఏడాదికి మిల్లీమీటర్లలో ఉంటే రెండు మూడేళ్ళలో ఏమీ తేలదు. డబ్బిచ్చేవాళ్ళకు ఈ మాట చెప్పడం పెద్ద టెన్షన్. చెప్పక తప్పదు.

ఇక్కడ ఉత్తరపు మంచునేలకూ మనకూ ఒకే ఉపగ్రహం దొరికింది. నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. 12 రోజులకోసారి అదే చోటి మీదికి వచ్చి రాడార్‌తో నేల కదలికను చూస్తుంది. గడ్డకట్టిన నేల ఉబ్బడం, కుంగడం చూడటం దాని పనుల్లో ఒకటి; డెల్టాలు దిగడం చూడటానికీ అదే పనిముట్టు. ఇంతకుముందు వాడిన యూరప్ సెంటినెల్-1 రాడార్ తరంగం 5.6 సెంటీమీటర్లు. కొబ్బరి ఆకుల మీదే చెదిరిపోయి, మా తోటల్లో నేల కనిపించేది కాదు. నైసార్ ఎల్-బ్యాండ్ తరంగం సుమారు 24 సెంటీమీటర్లు, ఆకుల్లోంచి మెరుగ్గా దిగుతుంది. అయినా తోట తోటే. అందుకే లాకుల దగ్గర, స్కూలు డాబాల మీద రాడార్ తరంగాన్ని తిరిగి ఉపగ్రహం వైపే పంపే, మూడు రేకులు కలిపిన రిఫ్లెక్టర్లు పెడుతున్నాం. ఫీల్డులో పనికొచ్చే రెండు మాటలు: సెంటినెల్-1 తన దారికి కుడివైపు చూస్తుంది, నైసార్ ఎడమవైపు చూస్తుంది, ఒకదానికి తిప్పి పెట్టిన రేకు రెండోదానికి పనికిరాదు. అడుగు మూలలో రంధ్రం కొట్టండి, లేకపోతే వాననీళ్ళు నిలుస్తాయి. మా నార్వే అమ్మాయి వాళ్ళు అందులోంచి మంచు తోడుకుంటారట, మేము కొబ్బరి మట్టలు తీస్తాం.

ఎవరి దగ్గర ఉండాలి

నెట్‌వర్క్‌లో మేము నేర్చుకున్నది వాళ్ళ విజయాల్లోంచే కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, మార్చిలో ఆర్కిటిక్ కౌన్సిల్ (ఉత్తర ధ్రువ ప్రాంత దేశాల ఉమ్మడి వేదిక)లోని మిగతా ఏడు దేశాలు రష్యాతో పని ఆపేశాయి. పాశ్చాత్య సంస్థలకూ రష్యా సంస్థలకూ మధ్య ఉమ్మడి పరిశోధన చాలామటుకు తెగింది. ప్రపంచంలో పర్మాఫ్రాస్ట్ ఎక్కువ భాగం ఉన్న దేశమది. రష్యా స్టేషన్లు లేకపోతే ఆర్కిటిక్ గురించి మిగతా స్టేషన్లు చెప్పే బొమ్మ ఒకవైపుకు ఒరిగిపోతుందని 2024లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. 1973లో యాకూత్స్క్ వెళ్ళగలిగినవాళ్ళ వారసులకు ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. నా దృష్టిలో, ప్రచ్ఛన్న యుద్ధంలో నిలిచింది వ్యక్తుల పరిచయాల మీద నిలిచింది; ఇప్పుడు తెగింది ఒప్పందాలు, గ్రాంట్ల మీద ఆధారపడ్డ భాగం. అక్కడ కడ్డీ దించేవాళ్ళు దించుతూనే ఉండొచ్చు, అంకెలు ఉమ్మడి పట్టికకు రావడమే ఆగింది.

మాకు యుద్ధాలు లేవు గానీ బదిలీలున్నాయి, గ్రాంటు అయిపోవడాలున్నాయి, పాడైన లాప్‌టాప్‌లున్నాయి. కాబట్టి కొలత రోజునే రిజిస్టర్ పేజీ ఫొటో తీసి మూడు చోట్లకు పంపుతాం: కాలేజీకి, నీటి సంఘం పాత అధ్యక్షుల్లో ఒకరికి, జిల్లా బయట ఉన్న ఒకరికి. అసలు రిజిస్టర్ కాగితమే, తెలుగులోనే. బోరు గుర్తింపు సంఖ్య ఒకసారి ఇస్తే మళ్ళీ మార్చం. బోరు పాడై పక్కన కొత్తది వేస్తే కొత్త సంఖ్య. పాత బోరు పని చేస్తున్నప్పుడే కొత్తదానితో కలిపి కనీసం ఒక కాలువ కట్టు కాలం రెండూ కొలవాలన్నది నియమం. నెట్‌వర్క్ పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన మాటల్లో ఇదొకటి. ఎక్కువగా ఉల్లంఘించబడేది కూడా ఇదే, ఎందుకంటే పాత బోరు చెప్పి పాడవదు.

అందరికీ తెరిచిన డేటాబేస్ దగ్గర మాత్రం మాకు గట్టి అడ్డంకి వచ్చింది. జీటీఎన్-పీలో బోరు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా కనిపిస్తుంది. టండ్రా నేలకు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఉండరు. కోనసీమలో సెంటు భూమికి ధర ఉంది. ఒక రైతు సూటిగా అడిగాడు: "ఆయ్, మీరు రాసుకుంటే రాసుకోండి. నా బోరు ఉప్పని కంప్యూటర్లో పెడితే రేపు అమ్మాయి పెళ్ళికి పొలం ఎవడు కొంటాడండీ?" అది భయం కాదు, లెక్క. శంకరగుప్తం డ్రెయిన్ వైపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్ల మొవ్వులు వాడిపోయిన పొలాల సంగతి అందరికీ తెలిసిందే. కొనేవాళ్ళకు మరీ తెలుసు.

చాలా చర్చ జరిగాక ఒప్పుకున్నది ఇది. పరిశీలన బోర్లు పంచాయతీ, స్కూలు స్థలాల్లోనే ఉంటాయి, వాటి స్థానం కచ్చితంగా ప్రచురిస్తాం. చుట్టుపక్కల ఇంటి బోర్ల అంకెలు బయటికి ఇచ్చేటప్పుడు స్థానాన్ని దగ్గరి కిలోమీటరు వరకే సవరించి ఇస్తాం. సర్వే నంబరు, పేరు ఉండవు. అసలు స్థానం కాగితం రిజిస్టర్‌లో ఉంటుంది. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది నష్టమే. మురుగు కాలువకు 50 మీటర్లలో ఉన్న బోరూ, 800 మీటర్లలో ఉన్న బోరూ బయటివాళ్ళకు ఒకేలా కనిపిస్తాయి. అందుకని స్థానం బదులు "కాలువకు దూరం", "మురుగు కాలువకు దూరం", "చెరువుకు దూరం" అని మూడు గడులు విడిగా ఇస్తున్నాం. నార్వే వైపు నుంచి దీని మీద వచ్చిన అభ్యంతరం ఒక్కటే: దూరాలు ఏ తేదీ నాటివో రాయమన్నారు, చెరువులు ఏటా పెరుగుతాయి కాబట్టి. రాస్తున్నాం.

డ్రెయిన్ వైపు బోరుకు పంచాయతీ తీర్మానం ఇంకా రావాలి. కాలువ వదిలేలోపు అది రాకపోతే ఈ ఏడాది ఆ వరుస పట్టికలో ఖాళీగానే పంపుతాం.